సదరు దేశపు స్ప్రింగు

జనవరి 8

తమ్ముడికి,

ఫోన్లో చెబితే "రాతపూర్వకంగా పంపక్కా" అంటావు. ఎదురుగా కూర్చుని చెబితే "ఇది ఇంటి విషయమా, ఆఫీసు విషయమా" అంటావు. ఇది రెండూ అయిన విషయం. కనుక రాతపూర్వకంగానే పంపుతున్నాను.

మా షెడ్డులో తయారయ్యేదేమిటో నీకు తెలుసు. అయినా పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడివి, మరిచిపోయి ఉండవచ్చు. పసిపిల్లలను తూచే కాటాలు. పైన గుండ్రటి ముఖం, ముల్లు. కింద గుడ్డ ఊయల. రేకు మనది, రంగు మనది, ముఖం మీది అంకెలు మీ బావ చేతివి. లోపలి స్ప్రింగు ఒక్కటే మనది కాదు. అది ఎదుటి దేశంలో తయారవుతుంది. షెడ్డు పెట్టిన నాటి నుంచీ అక్కడి నుంచే తెప్పిస్తున్నాం. ఎంతమంది పిల్లలను మోసినా అది తిరిగి తన చోటికి తాను వస్తుంది. ఎండకు మెత్తబడదు, మొహమాటానికి వంగదు. పిల్ల ఎంత ఉంటే అంతే చెబుతుంది. ఇంత నిక్కచ్చి మనిషి మన చుట్టాల్లో ఒక్కరూ లేరు.

ఆ స్ప్రింగుల పెట్టె రేవు గోదాములో ఆగిపోయింది. మీ శాఖ తెచ్చిన కొత్త విధానమట. అక్కడి గుమాస్తా, "అమ్మా, ఇది వ్యూహాత్మక పోటీకి సంబంధించింది, మీకు అర్థం కాదు" అన్నాడు. "నాయనా, ఇది చంటిపిల్లలకు సంబంధించింది, నీకు అర్థం కాదు" అన్నాను. ఇద్దరమూ ఒకరినొకరం సరిగ్గానే అంచనా వేసుకున్నాం.

నాకు పదవులు వద్దు, పథకాలు వద్దు. ఆ ఒక్క పెట్టెకు మినహాయింపు ఇప్పించు. షెడ్డులో స్ప్రింగులు అడుగంటాయి.

మరదలిని అడిగానని చెప్పు. అమ్మడికి నెలలు నిండేది ఎప్పుడో రాయి. తండ్రివి, ఆ తేదీ అయినా గుర్తుంచుకో.

అక్క


జనవరి 30

విషయం: స్ప్రింగులు.
సూచిక: తమరి జనవరి 8 నాటి ఉత్తరం.

గౌరవనీయురాలైన అక్కగారి సముఖానికి,

ముందుగా ఒక సవరణ. తమరు "ఎదుటి దేశం" అని రాశారు. ఆ దేశాన్ని పేరుతో గాని, దిక్కుతో గాని ప్రస్తావించరాదని మా శాఖ ఉత్తర్వు జారీ చేసింది. ప్రస్తావిస్తే దాని ప్రతిష్ఠ పెరుగుతుందని నిపుణులు తేల్చారు. ఇకమీదట "సదరు దేశం" అనవలెను. మా కార్యాలయంలో పొద్దస్తమానం సదరు దేశం గురించే మాట్లాడుకుంటున్నాం. ఆ దేశం మా దృష్టిలో లేదని దీనితో స్పష్టమవుతోంది.

సదరు దేశంతో వ్యూహాత్మక, ఆర్థిక పోటీ కొరకు రూపొందిన విధానం ప్రకారం, అక్కడి నుంచి వచ్చేవాటిలో సాగేది, తిరిగేది, మెరిసేది ఏదీ దేశంలోకి రాకూడదు. స్ప్రింగు సాగుతుంది, మెరుస్తుంది కూడా. తమరి పెట్టె రెండు నిబంధనల కింద నిషిద్ధం. కాబట్టి మినహాయింపు సాధ్యపడదు.

అయితే తమరి ఉత్తరంలో అంతర్లీనంగా ఉన్న ఆవేదనను నేను గ్రహించాను. ఇన్నేళ్ళ శ్రమకు గుర్తింపు లేదన్నదే తమరి బాధ. నేనే స్వయంగా ప్రతిపాదించి, తమరి షెడ్డును వ్యూహాత్మక పరిశ్రమల జాబితాలో చేర్పించాను. మా డైరెక్టరుగారు "ఇలాంటి కుటుంబాలే దేశానికి వెన్నెముక" అన్నారు. తమరికి కావలసిన స్వదేశీ స్ప్రింగులను ప్రభుత్వమే సరఫరా చేస్తుంది.

ఇక్కడితో ఆఫీసు భాగం ముగిసింది.

అక్కా, ఒక్క పెట్టె అడిగావు, నీకు ఒక హోదా ఇప్పించాను చూశావా! బావకి చెప్పు, ఇకమీదట నన్ను "కాగితాల బావమరిది" అనకూడదని. అమ్మడికి మే నెలలో అంటున్నారు డాక్టర్లు.

తమ్ముడు


మార్చి 3

తమ్ముడికి,

నీ హోదా అందింది. దానితోపాటు తుపాకీ పట్టుకున్న మనిషి ఒకడు అందాడు.

వ్యూహాత్మక పరిశ్రమకు కాపలా ఉండాలట. మొదటి రోజు పొద్దున్నే షెడ్డుకు వెళితే నన్నే ఆపాడు. "పాసు చూపించండమ్మా." "పాసులు ఎవరిస్తారు?" "యజమానురాలు ఇస్తారు." "యజమానురాలిని నేనే." "అయితే ఇచ్చుకోండి." పాసుల పుస్తకం లోపలుంది. లోపలికి వెళ్ళాలంటే పాసు కావాలి. మీ బావ గేటు ముందు బండ మీద కూర్చుని, "మీ తమ్ముడు తలుచుకుంటే ఏదైనా చేయగలడే!" అని పొగిడారు. చివరికి మేస్త్రి వెనక కిటికీలోంచి దూరి పుస్తకం తెచ్చాడు. దేశరక్షణ కోసం కాపలా పెట్టిన షెడ్డులోకి జరిగిన మొదటి చొరబాటు అదే. కాపలాదారుడే అతని కాలికి భుజం ఆనించాడు. పాపం, మనిషి మంచివాడే. ఇంటి దగ్గర అతనికీ చంటిబిడ్డ ఉందట.

ఇక నీ స్వదేశీ స్ప్రింగు. పెట్టె మీద "మన సత్తువ, మన సాగుదల" అని అచ్చు వేశారు. సాగుదల గురించి రాసింది మాత్రం నిజమే. పొద్దున పనిలోకి వచ్చిన గుమాస్తాలా నిటారుగా ఉంటుంది. పదిమంది పిల్లలను మోసేసరికి జారగిలబడుతుంది. ఊయల ఖాళీగా ఉన్నా ముల్లు సున్నాకు రాదు. మర తిప్పి సున్నాకు తేవచ్చు, తెచ్చాం. కానీ బిగువే పోయిన తీగకు మర ఏం చేస్తుంది? పిల్ల ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఇంకా ఎక్కువ. తూనికల ఇన్స్పెక్టరు పొద్దున్నే వస్తాడు, తన రాళ్ళు పెట్టి చూస్తాడు, సరిపోయిందంటాడు, సీలు వేసి వెళ్ళిపోతాడు. అలసట సాయంత్రం మొదలవుతుంది. సాయంత్రాలు ఆయన రాడు.

మొత్తానికి మీ విధానం పుణ్యమా అని మా ఊరి చంటిపిల్లలందరూ ఒక్క నెలలో బొద్దుగా తయారయ్యారు. ఇంతకన్నా ఏం కావాలి!

ఆ పెట్టె విడిపించు. మళ్ళీ అడుగుతున్నాను.

అక్క


మార్చి 26

విషయం: తమరి ప్రాంతపు చంటిపిల్లల ప్రగతి.
సూచిక: తమరి మార్చి 3 నాటి ఉత్తరం, చివరి నుంచి రెండవ పేరా.

గౌరవనీయురాలైన అక్కగారికి,

తమరి నివేదికకు శాఖ తరఫున కృతజ్ఞతలు. "మీ విధానం పుణ్యమా అని మా ఊరి చంటిపిల్లలందరూ ఒక్క నెలలో బొద్దుగా తయారయ్యారు" అన్న వాక్యాన్ని నేను డైరెక్టరుగారి ముందుంచాను. ఆయన లేచి నిలబడి చదివారు. ఆయన నిలబడ్డారు గనుక మేమందరం నిలబడ్డాం. ఆ వాక్యం ఇప్పుడు వార్షిక నివేదికలో మొదటి అధ్యాయానికి మకుటం.

ఇంతవరకు సదరు దేశంతో పోటీని ఉక్కు, బొగ్గు, ఓడల లెక్కన కొలిచేవాళ్ళం. అందులో మనం వెనకబడి ఉన్నాం అనే అపోహ ప్రజల్లో ఉండేది, లెక్కలు కూడా ఆ అపోహను బలపరిచేవి. ఇకమీదట పసికందుల సగటు బరువును పోటీ సూచికలో చేరుస్తున్నాం. ఈ పద్దులో మనమే ముందున్నాం. ఊపు తగ్గకుండా దేశంలోని అన్ని ఆసుపత్రుల కాటాల్లోంచి పాత స్ప్రింగులను తీసివేసి స్వదేశీ స్ప్రింగులు అమర్చాలని ఆదేశాలు వెళ్ళాయి.

సదరు దేశం కలవరపడింది. తమ స్ప్రింగులను మనకు అమ్మబోమని ప్రకటించింది. మనం కొనం అన్న వస్తువును వాళ్ళు అమ్మం అన్నారు. దీన్ని మేం విజయంగానూ, వాళ్ళు ప్రతీకారంగానూ నమోదు చేసుకున్నాం. ఉభయపక్షాలూ తృప్తిగా ఉన్నాయి.

మరొక నిబంధన. వ్యూహాత్మక పరిశ్రమల యజమానులతో మా శాఖ ఉద్యోగుల కుటుంబాలు ఫోనులో మాట్లాడరాదు. ఉత్తరాలు రాసుకోవచ్చు, తనిఖీ జరుగుతుంది.

ఆఫీసు భాగం సమాప్తం.

అక్కా, నీ మాట అంత దూరం వెళుతుందని ఎప్పుడైనా అనుకున్నావా? నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవారో!

తమ్ముడు


ఏప్రిల్ 19

తమ్ముడికి,

నాన్న ఉంటే నిన్ను గోడకుర్చీ వేయించేవారు.

ఆ వాక్యం వెటకారంరా! నా పెదవి వంకర కాగితం మీద కనబడదని మరిచిపోవడం నా పొరపాటే అనుకో. కానీ నాతో పాటు ఒకే కప్పు కింద పెరిగినవాడికి నా ఎత్తిపొడుపు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? దాన్ని తీసుకెళ్ళి మకుటం పెట్టావు!

ఏం జరుగుతోందో చెబుతాను విను. మా ఆరోగ్య కేంద్రం కాటాలో స్ప్రింగు మార్చారు. మొన్న బస్తాలు మోసే అతని భార్య బిడ్డను తెచ్చింది. మెడ నిలవడం లేదు, చేతులు పుల్లల్లా ఉన్నాయి. నర్సమ్మ తూచింది. "ముల్లు బాగానే చూపిస్తోందిగా అమ్మా" అంది. ఆ తల్లి, "ముల్లుకేమమ్మా, పాలు తాగాల్సింది ముల్లు కాదుగా" అంది.

నేను అక్కడే ఉన్నాను. నర్సమ్మను పక్కకు పిలిచి అడిగాను, నీకు కళ్ళు లేవా అని. ఆవిడ నెమ్మదిగా అంది: "నాకు తెలుస్తూనే ఉందమ్మా. పెద్దాసుపత్రికి పంపాలంటే బరువు తక్కువని రాయాలి. తక్కువని కాటా చెప్పాలి. కాటాకి సీలుంది, నా కళ్ళకి లేదు."

మా ఇంటి గోడకు మొట్టమొదట మేం చేసిన కాటా ఒకటి వేలాడుతోంది, గుర్తుందా? అమ్మడు పుట్టినప్పుడు తూచింది దాని మీదే. ఇంటి వస్తువు గనుక మీ ఆదేశాల కంట పడలేదు. దాన్ని చీర కొంగు కప్పి తీసుకెళ్ళి ఆరోగ్య కేంద్రం వెనక గదిలో కట్టాను. కాపలాదారుడు చూశాడు. చూసి, ఆకాశంలో ఏదో వెతుక్కున్నాడు. మర్నాడు అతని భార్య బిడ్డనెత్తుకుని వరుసలో నిలబడింది. బస్తాలు మోసే అతని బిడ్డను పెద్దాసుపత్రికి పంపారు. ఇప్పుడు కాస్త తేరుకుంది.

మీ స్ప్రింగుతో ఇక ఒక్క కాటా కూడా చేయను. షెడ్డు మూసేశాను. మేస్త్రి ఇంటి దగ్గర కూర్చున్నాడు. లోపల ఏమీ లేని షెడ్డుకు తుపాకీ కాపలా మాత్రం ఉంది.

నాకు కావలసింది హోదా కాదు. మళ్ళీ రాస్తున్నాను, తనిఖీ చేసే ఆయన కూడా చదువుకోవచ్చు: స్ప్రింగులు.

అక్క


మే 28

విషయం: వ్యూహాత్మక పరిశ్రమను మూసివేయుట, తజ్జనిత పరిణామాలు.
సూచిక: తమరి ఏప్రిల్ 19 నాటి ఉత్తరం. (తనిఖీ అధికారి చదివినట్టు సంతకం పెట్టారు. అక్షరాలు బాగున్నాయని రాశారు.)

అక్కగారికి,

పోటీ ముమ్మరంగా ఉన్న వేళ వ్యూహాత్మక పరిశ్రమను మూసివేయడం రణరంగం నుంచి వెనుదిరగడంతో సమానమని నిబంధన. తమరి అలకకు కారణం గుర్తింపు చాలకపోవడమేనని డైరెక్టరుగారికి వివరించాను. జ్ఞాపిక ఇప్పించే విషయం పరిశీలనలో ఉంది.

పెట్టె సంగతి. రేవులో ఆగిన సదరు దేశపు సరుకును మంత్రిగారి సమక్షంలో రోడ్డు రోలరుతో తొక్కించే కార్యక్రమం జరిగింది. బొమ్మలు, గడియారాలు, అద్దాలు సక్రమంగా నలిగాయి. తమరి పెట్టె దగ్గర కొంత అంతరాయం కలిగింది. చెక్క విరగగానే స్ప్రింగులు ఎగిరాయి. కొన్ని వేదిక మీద పడ్డాయి. ఒకటి మంత్రిగారి మైకు పక్కన పడి, ప్రసంగం ముగిసేదాకా ఊగుతూనే ఉంది. ఛాయాచిత్రాలు విడుదల చేయలేదు.

సదరు దేశం తన పసికందుల బరువు ప్రకటించింది. మనకంటే ఎక్కువ! డైరెక్టరుగారు రెండు రోజులు భోజనం సరిగా చేయలేదు. కారణం వాళ్ళ గాలా, నీళ్ళా తేల్చడానికి సంఘం వేశారు. కార్యదర్శిని నేనే.

ఆఫీసు భాగం అయిపోయింది.

అక్కా, అసలు సంగతి! అమ్మడికి ఆడపిల్ల. మా ఆదర్శ ఆసుపత్రిలోనే పుట్టింది. రెండు కిలోల తొమ్మిదివందలు! వారం వారం పెరుగుతోంది, గీత ఎక్కడా కిందికి వంగలేదు. డాక్టరు ఆ గీత చూసి, "చార్టు ఇంత బాగుంటే నేను చూడాల్సిందేముంది" అన్నాడు. సూచికలో వేసే నమూనా పిల్లల్లో మన పాపను కూడా చేర్చారు.

చాలా క్రమశిక్షణ గల పిల్ల. అసలు ఏడవదు. లేపితే గాని లేవదు. పాలు కాస్త చప్పరించి మళ్ళీ నిద్ర. "ఇంత బుద్ధిమంతురాలు ఎవరి పోలికో" అని మీ మరదలు అంటే, మా శాఖ పోలిక అన్నాను.

తమ్ముడు


జూన్ 1

తమ్ముడూ,

ఈ ఉత్తరం తపాలాలో వేయడం లేదు. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఫోను చేశాను. మరదలు ఎత్తి, "నిబంధన వదినా, ఆయన ఉద్యోగం పోతుంది" అని పెట్టేసింది. ఇంట్లో కూడా అందరినీ తయారు చేసిపెట్టావు.

పసిపిల్ల ఏడవకపోవడం క్రమశిక్షణ కాదు. ఏడవడానికి కూడా సత్తువ ఉండాలి.

గీత సంగతి వదిలెయ్. పాప మణికట్టు పట్టుకుని చూడు. తొడల మీద చర్మం ముడతలు పడిందా? ఏడిస్తే గొంతు ఎంత వినబడుతోంది? పుట్టినప్పుడు కుట్టిన చొక్కా ఇప్పుడు బిగిసిందా, వదులైందా? ఇవేవీ మీ సూచికలో ఉండవు.

నా మీద కోపంతో ఇదంతా స్ప్రింగు గొడవే అనుకుంటావని తెలుసు. అందుకని నా మాట నమ్మవద్దు. కొట్లో సీలు వేసిన కిలో పంచదార పొట్లం కొను. ఆసుపత్రికి తీసుకెళ్ళి, సాయంత్రం పూట, ఆ కాటాలోనే వేసి చూడు. కిలో చూపిస్తే నేను నోరు మూసుకుంటాను, షెడ్డు తెరుస్తాను, నీ జ్ఞాపిక మెళ్ళో వేసుకుని ఊరేగుతాను.

సదరు దేశపు పిల్లలు బరువెక్కడానికి కారణం కావాలన్నావుగా, నీ సంఘానికి చెప్పు: వాళ్ళూ స్ప్రింగు మార్చి ఉంటారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. మీ రెండు శాఖల యవ్వారమూ అంతే. మధ్యలో ఉన్నది చంటిపిల్లలు.

ఈ రోజే వెళ్ళు.

అక్క


జూన్ 4

విషయం: పంచదార.
సూచిక: తమరి జూన్ 1 నాటి ఉత్తరం.

అక్కగారికి,

తమరి సూచన మేరకు కిలో పొట్లాన్ని ఆదర్శ ఆసుపత్రి కాటాలో తూచడం జరిగింది. కిలోకు పైన రెండువందల గ్రాములు చూపింది. మన వర్తకుల్లో ఉదారత పెరిగిందని ప్రాథమికంగా భావించి, మరో రెండు కొట్లలో పొట్లాలు కొనడం జరిగింది. అన్ని కొట్లలోనూ ఉదారత సమానంగా ఉంది. దీన్ని విధానం సాధించిన మరొక విజయంగా

అక్కా, ఈ వాక్యం దగ్గర కలం ఆగిపోయింది.

మూడు పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చుండిపోయాను. నర్సు వచ్చి, "ఏం సార్, పంచదార ఎవరికి?" అంది. పొట్లాలు పట్టుకుని లేచాను. ఇంటికి వచ్చి పాప మణికట్టు పట్టుకున్నాను. నా బొటనవేలి కంటే సన్నగా ఉంది. అమ్మడు నా ముఖం చూసి, "నేను మొదటి వారం నుంచీ చెబుతున్నాను నాన్నా, మీరు చార్టు చూపిస్తున్నారు" అంది. చొక్కా వదులైంది అక్కా.

డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. బరువు తక్కువ అని కాగితం మీద ఉంటే తప్ప పోషణ వార్డులో చేర్చుకోవడం కుదరదన్నాడు. చార్టులో మన పాప ఈ వార్డుకు అనర్హురాలు. ఆ వార్డు ఇప్పుడు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉండడం గురించి నివేదికలో నేనే రాశాను, మూడో అధ్యాయం.

మీ ఇంటి గోడ మీది కాటా పంపు. దాని మీద తూచి, కళ్ళ ముందు చూపిస్తే కాదనలేనని డాక్టరు గొంతు తగ్గించి చెప్పాడు. అది ఇప్పుడు మీ ఊరి పిల్లలకు ఆధారమని తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

తమ్ముడు


జూన్ 6

తమ్ముడూ,

కాటా తెస్తున్నది మా కాపలాదారుడు. సెలవు పెట్టాడు. తుపాకీ మేస్త్రికి అప్పగించి వచ్చాడు. మీ వాళ్ళకు చెప్పకు.

నీ ఉత్తరం నర్సమ్మకు చదివి వినిపించాను. బయట వరుసలో తల్లులు కూర్చుని ఉన్నారు. ఆవిడ కాసేపు ఆ వరుసను చూసింది, తరవాత తనే స్టూలెక్కి కాటా విప్పింది. "తీసుకెళ్ళండమ్మా. కొన్నాళ్ళు నా కళ్ళతోనే నెట్టుకొస్తాను" అంది. ఎవరికైనా ఋణపడ్డామంటే ఆవిడకే పడ్డాం, గుర్తుపెట్టుకో.

ద్వారబంధానికి కట్టవద్దు, ఊగుతుంది. దూలానికి కట్టు. సున్నా నేనే చూశాను, మర ముట్టుకోకు. పాపను వేసి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూడు. ఎంత చూపితే అంత. అది నీకు నచ్చదు. నచ్చకపోయినా నమ్ము.

అక్క


జూలై 22

అక్కా,

ఈసారి విషయమూ లేదు, సూచికా లేదు.

పాప వార్డు నుంచి ఇంటికి వచ్చింది. రాత్రీ పగలూ ఏడుస్తోంది. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేశారు. మీ మరదలు ఆ ఫిర్యాదు విని కళ్ళనీళ్ళు పెట్టుకుని వాళ్ళకు కాఫీ ఇచ్చింది. నీ కాటా మొదటి రోజు చూపించిన అంకె నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పటి అంకె ఎవరు కనబడితే వాళ్ళకు చెబుతున్నాను. ఇంకొన్ని వారాలు జాగ్రత్తగా చూసుకోవాలన్నాడు డాక్టరు.

మంచి మాటలు ఇక్కడితో అయిపోయాయి.

ఇంట్లో నీ కాటా ఉన్న సంగతి ఎలా పొక్కిందో తెలియదు. ముందు మా సెక్షన్ అధికారి కోడలు వచ్చింది, పెరటి తలుపు నుంచి. తరవాత సంఘంలో నాతోపాటు ఉన్న నిపుణుడు మనవడితో వచ్చాడు. పోయిన ఆదివారం డైరెక్టరుగారే వచ్చారు. ఒళ్ళో తువ్వాలు చుట్టిన మనవడు. పిల్లవాణ్ణి తూచి, ముల్లు చూసి, మళ్ళీ తువ్వాలు చుట్టుకున్నారు. వెళుతూ వెళుతూ, "ఇది ఏ దేశపు స్ప్రింగు?" అన్నారు. "సదరు దేశానిదండీ" అన్నాను. "నేను చూడలేదు" అని పెరటి తలుపు నుంచే వెళ్ళిపోయారు.

ధైర్యం వచ్చి, మర్నాడు నీ మినహాయింపు దస్త్రం మళ్ళీ కదిపాను. ఆసుపత్రుల్లో తీసేసిన పాత స్ప్రింగులను తిరిగి వాడనివ్వమని ఈసారి నేనే పది పేజీలు రాశాను. ఆయన సాయంత్రానికల్లా సంతకం చేశారు, తిరస్కరిస్తూ. "పోటీలో ఉన్నప్పుడు కాటా మారిస్తే ఓడినట్టు కనబడుతుంది" అని పక్కన రాశారు. అడ్డు చెప్పబోతే, "మీ అక్కగారు చేసే కాటా ఒకటి, గృహావసరానికి, దొరుకుతుందేమో కనుక్కుంటారా?" అన్నారు. అదే గదిలో, అదే కుర్చీలో, సిరా ఆరకముందే అన్నారు అక్కా!

ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుని నాలాగే రాస్తాడు. మానకపోతే నేనే రాయాలి. నివేదిక ముద్రణకు వెళ్ళింది. నీ వాక్యం తీసేయించడానికి చాలా తిరిగాను. వాక్యం బాగుందంటూ ఎవరూ తీయనివ్వలేదు.

పాప సంగతి కనుక్కోవడానికి నువ్వు పంపిన కాపలాదారుడి చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. కవరులో ఒక వస్తువు ఉంది, జాగ్రత్త. రోలరు తొక్కిన రోజు వేదిక మెట్ల మీదికి దొర్లి నా బూటు పక్కన ఆగింది. ఎందుకో వంగి తీసి జేబులో వేసుకున్నాను. ఇన్నాళ్ళూ బల్ల సొరుగులో పెట్టుకుని, సమావేశాల్లో విసుగు పుట్టినప్పుడు లాగి వదిలేవాణ్ణి. తన చోటికి తాను వచ్చేది. నువ్వడిగిన పెట్టెలోంచి నీకు చేర్చగలిగింది ఇదొక్కటే.

డైరెక్టరుగారికి ఏం చెప్పమంటావు?

తమ్ముడు


ఆగస్టు 5

తమ్ముడికి,

పాప ఏడుపు వినాలనుంది. మీ నిబంధన ఎత్తేసినప్పుడు ఫోను దాని నోటి దగ్గర పెట్టు.

స్ప్రింగు అందింది. మీ బావ దాన్ని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి, "మీ తమ్ముడు చేసిన మొదటి దొంగతనం. ఇన్నాళ్ళ సర్వీసులో పనికొచ్చే పని ఇదొక్కటే" అన్నారు. ఆయన మెచ్చుకోలు అలాగే ఉంటుంది, ఏమీ అనుకోకు. మేస్త్రిని పిలిపించాను. కాపలాదారుడు మా ముగ్గురినీ పాసులు అడగకుండా గేటు తీశాడు. ఒక్క స్ప్రింగు, ఒక్క కాటా. అంకెలు మీ బావే రాశారు. అయిదు కాస్త వంకరపోయింది. అయినా సరిగ్గానే చెబుతుంది. ఇన్స్పెక్టరు సీలు వేయనన్నాడు, అక్కర్లేదన్నాం. నర్సమ్మ వెనక గదిలో కట్టేశాం.

షెడ్డు మళ్ళీ మూసేశాను. మూసిన షెడ్డుకు నీ జ్ఞాపిక వచ్చింది. కాపలాదారుడి గదిలో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాం.

మీ డైరెక్టరుగారి విషయం. అమ్మకానికి కాటాలు లేవు. ఆయన సంతకమే లేకుండా చేసింది. మనవడి మీద నాకేం కోపం? పసివాడు. నీ ఇంటికి వస్తే కాదనకు, తూచి పంపు. పాప నిలదొక్కుకోగానే మాత్రం ఆ కాటా ఇక్కడికి వచ్చేయాలి. ఆ తరవాత మనవణ్ణి తూచుకోవాలంటే ఆయన్ను మా ఊరి ఆరోగ్య కేంద్రానికి రమ్మను. ఇక్కడ పెరటి తలుపు లేదు. బస్తాలు మోసే అతని భార్య వెనక నిలబడాలి.

పొద్దున్నే బయలుదేరమని చెప్పు. వరుస పెద్దదిగా ఉంటోంది.

అక్క